విద్యార్థులును అద్దెయిండ్లును

తొలకరి వానలు పడి పల్లెలలో రైతు విత్తనములకై తిరుగు దినములలోనే అతని కుమారుడు పట్టణములో గదికై తిరుగుచుండును. ఏటేట జూన్ మొదలు సెప్టెంబరు వరకు విశాఖపట్టణమున మద్దిలపాలెము, పెదవాల్తేరు వీథులలోను, హైదరాబాదున విద్యానగరము, నల్లకుంట, తార్నాక సందులలోను ఈ దృశ్యము కానవచ్చుచుండును. తండ్రి చేతిలో సంచి, కుమారుని వీపున పుస్తకముల మూట, ఇరువురి కన్నులును గోడలమీది టులెట్ బోర్డులమీద. విశ్వవిద్యాలయమున ప్రవేశము దొరకినదని ఇంటినుండి బయలుదేరునప్పుడున్న సంతోషములో, నాలుగు గుమ్మములెక్కి దిగునప్పటికి సగము మిగులదు. ఒకచోట అద్దె వినగనే తండ్రి నోట మాట రాదు. ఒకచోట అడ్వాన్సు వినగనే వెనుదిరుగును. మరియొకచోట అద్దెమాట రాకమునుపే ఊరేది, ఇంటిపేరేది అను ప్రశ్నలు వచ్చును. సమాధానము విన్నపిమ్మట, "ఇప్పుడే ఎవరికో మాట ఇచ్చితిమి నాయనా" అను మాటతో తలుపు మూతపడును.

పరీక్షలో తప్పినవారి లెక్క ప్రభుత్వమువారియొద్ద నున్నది. జీతము కట్టలేక చదువు మానినవారినిగూర్చి శాసనసభలలో ప్రసంగములు జరిగినవి. తలదాచుకొన చోటు దొరకక చదువు మానినవారినిగూర్చి మాటాడినవారు మాత్రము అరుదు. అట్టివాడు ఎక్కడను నమోదుకాడు. అతడు సంచి భుజమున వేసికొని మరల బస్సెక్కును. "పట్టణము మనకు సరిపడలేదు" అని ఊరివారితో చెప్పుకొనును. అంతటితో ఒక చదువు ముగియును. మా పాఠకులలో అనేకులు పట్టణమున ఒక యింటికో, ఒక వాటాకో, ఒక మేడగదికో యజమానులు. నేటి మా మాటలు ముఖ్యముగా వారినుద్దేశించి వ్రాయుచున్నాము.

విద్యార్థులకు అద్దెకిచ్చుటకై ఇల్లు కొనుట నేడొక పెట్టుబడియైనది. బంగారము కొనువారు, భూమి కొనువారు, వాటాపత్రములు కొనువారు ఉన్నట్లే, విశ్వవిద్యాలయపు గేటుకు కూతవేటు దూరమున రెండు పడకగదుల ఇల్లు కొనువారును బయలుదేరిరి. మేము దీనిని దూషింపము. చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును ఇటుకలలో పెట్టి, ముసలితనమున అద్దెమీద బ్రతుకదలచినవానిని పాపియనుట అన్యాయము. ఆ యిండ్లు లేకున్న విద్యార్థులకు వీథియే గతి. మేము చెప్పదలచినదొక్కటియే: విద్యార్థికిచ్చిన గది బాంకిలో దాచిన సొమ్మువంటిది కాదు. దానిలో ఒక పిల్లవాని మూడేండ్ల బ్రతుకును, ఒక కుటుంబపు ఆశయు ఇమిడియున్నవి. ఆ గదికి అద్దె పుచ్చుకొనువాడు వ్యాపారియే కాక, ఇష్టమున్నను లేకున్నను, ఆ పిల్లవాని చదువులో భాగస్వామియు నగుచున్నాడు. ఈ రెండవ ధర్మమును మరచి మొదటిదానినే పాటించుటవలన నేటి చిక్కులన్నియు పుట్టినవని మా అభిప్రాయము.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. హోటళ్లును హాస్టళ్లును లేని కాలమున పేదవిద్యార్థి వారములు చేసికొని చదివెను. ఆదివారమొక యింట, సోమవారమొక యింట అన్నము; ఎవరి అరుగుమీదనో పడక. తమ తాతగారు వారములు చేసికొని చదివిరని గర్వముగా చెప్పుకొను ఇండ్లు నేటికిని మనలో ననేకము. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు భర్తృవియోగానంతరము ఒంగోలున పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఆ వృత్తిని నాటి సంఘము గౌరవముతో చూడలేదు. ఆ యింటినుండియే ఆంధ్రకేసరి బయలువెడలినాడు. హైదరాబాదున 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసినది. రాజా బహదూరు వేంకటరామారెడ్డిగారు దానికి ప్రాణమై నిలిచిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణభారమును మోసిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టినదియు ఆ 1918లోనే. ఇది కాకతాళీయమే యైనను అందొక పాఠము గలదు. పాఠము చెప్పు గది యెంత యవసరమో, పాఠము విన్నవాడు పండుకొను గదియు అంత యవసరము.

అయితే ఆ పూర్వపద్ధతులకొక కొరత యుండెను. వారము పెట్టిన ఇల్లు తన కులపు బాలునికే పెట్టెను. వసతిగృహములును పెక్కులు కులములపేరనే వెలసినవి. ఏ రాజ్యమును, ఏ మునిసిపాలిటీయు పట్టించుకొననినాడు ఎవరివారిని వారు ఆదుకొనుటను మేము తప్పుపట్టము. ఆ దాతల ఋణము మనము తీర్చుకొనలేనిది. కాని ఆదుకొనుటకు దాతయే లేని కులపు బాలుడేమి కావలెను? అతనికి అరుగు లేదు, వారము లేదు, వసతిగృహము లేదు. అద్దెకిచ్చు ఇండ్లు వచ్చినపిమ్మట ఈ కొరత తీరవలసినది. రూపాయికి కులము లేదు గదా! రూపాయి చేతబట్టి వచ్చినవానికెల్ల గది దొరకవలసినది. అట్లు జరిగినదా? ఈ ప్రశ్నకు మరల వత్తుము. ముందు యజమాని లెక్కను చూతము.

ఒక మధ్యతరగతి ఉద్యోగి 40 లక్షల రూపాయలకు విశ్వవిద్యాలయ సమీపమున ఒక ఇల్లు కొనెననుకొందము. అందు 30 లక్షలు బాంకి అప్పు. నూటికి ఎనిమిదిన్నర చొప్పున మొదటియేటి వడ్డీయే సుమారు 2 లక్షల 55 వేలు. ఆ ఇంటిని ఒక కుటుంబమునకిచ్చినచో నెలకు 12 వేలు వచ్చుననుకొన్న, ఏటికి 1 లక్ష 44 వేలు. నలుగురు విద్యార్థులకిచ్చి తలకు 4 వేలు పుచ్చుకొన్న, నెలకు 16 వేలు. వేసవిలో రెండు నెలలు ఖాళీయైనచో పదినెలలకు 1 లక్ష 60 వేలు. అనగా విద్యార్థులకిచ్చుటవలన అధికముగా వచ్చినది 16 వేలు మాత్రమే. పిల్లలు ఖాళీచేసిన పిమ్మట గోడలకు రంగులు, కుళాయిలు, తలుపుగడియలు, నీటి మోటారు మరమ్మతు కలిసి దానిని మ్రింగివేయును. విద్యార్థులకిచ్చిన డబ్బు వరదవలె వచ్చునని దళారులు చెప్పు మాట కాగితముమీది లెక్క మాత్రమే.

ప్రలోభము ఇచ్చటనే ప్రవేశించుచున్నది. నలుగురున్నచోట ఎనమండుగురను పెట్టి తలకు 3 వేలే పుచ్చుకొన్నచో నెలకు 24 వేలు, పదినెలలకు 2 లక్షల 40 వేలు. చూచువారికిది ఉపకారమువలె కూడ కనబడును. తలకు వేయి రూపాయలు తగ్గినవి గదా! కాని ఇల్లు పెరుగలేదు, గోడలు జరుగలేదు, స్నానపుగది రెండవది రాలేదు. పెరిగినవి మంచములు మాత్రమే. అధికముగా వచ్చిన ఆ 80 వేలు ఎక్కడనుండి వచ్చినవి? ఒకడు దీపము పెట్టి చదువుచుండగా కన్నులు మూసికొని నిద్ర నటించువాని నిద్రనుండి వచ్చినవి. ఉదయము ఎనిమిదిగంటల తరగతికి స్నానపుగది ముందు వరుసలో నిలిచి ఆలస్యమైనవాని చదువునుండి వచ్చినవి. జ్వరము వచ్చిన ఒకనినుండి ఏడుగురికి అంటుకొన్న జ్వరమునుండి వచ్చినవి.

"బాంకి వాయిదా ఎట్లు కట్టుదుము?" అని యజమాని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే గాని, అది అడుగవలసిన చోటు వేరు. వాయిదా యజమాని చేసిన అప్పు. విద్యార్థి చేసిన అప్పు కాదు. ఇరువది యేండ్లలో ఇంటి వెల పెరిగినచో ఆ పెరుగుదలలో విద్యార్థికి దమ్మిడీ వాటా లేదు. లాభము తనదిగా నుంచుకొని అప్పుభారమును మాత్రము అద్దెదారుపై త్రోయుట ధర్మము కాదు. మరియు ప్రభుత్వము యజమానిని మరచినదా? ఆదాయపు పన్ను లెక్కలో, మునిసిపలు పన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులు మినహాయింపబడుచున్నవి. యజమాని మరమ్మతులకు నిజముగా ఖర్చుపెట్టెనా లేదా అని ఆ మినహాయింపునకు అడుగువారు లేరు. మరమ్మతు చేయించినను చేయింపకున్నను ఆ లాభము పొందుచున్నవాడు, గోడకు మేకు కొట్టినావని విద్యార్థి అడ్వాన్సులో కోతపెట్టుట చూచినచో, ఒకే రంగునకు రెండు చేతులనుండి వెల పుచ్చుకొనుచున్నాడని చెప్పక తప్పదు.

అడ్వాన్సు మాట వచ్చినది గనుక దానినిగూర్చి కొంత వివరింతుము. పేదతండ్రికి నెల అద్దెకంటె అడ్వాన్సే పెద్దగండము. నెల అద్దె నెలనెల కట్టవచ్చును. అడ్వాన్సు ఒక్కసారి కట్టవలెను, అదియు జీతములు, పుస్తకములు, పరుపు, బకెట్టు కొను వారముననే కట్టవలెను. దానికై అతడు ఊరిలో వడ్డీకి తెచ్చును. మూడేండ్ల తరువాత అడ్వాన్సు తిరిగివచ్చునాటికి దానిమీద కట్టిన వడ్డీ ఎంతయైనదో అతనికే తెలియును. తిరిగి రానిచో చెప్పవలసినదే లేదు. రంగులకు ఇంత, శుభ్రపరచుటకు ఇంత, ముందుగా చెప్పలేదు గనుక ఒక నెల అద్దె యింత అని కోసికోసి, పిల్లవాడు ఉద్యోగమునకై వేరొక ఊరు పోవు తొందరలో నుండగా, "తరువాత రమ్ము" అను మాటతో ముగియును. ఆ తరువాత అనునది రాదు. రెండు మూడు వేల రూపాయలకై న్యాయస్థానమునకు పోవు విద్యార్థి యెవడు?

చట్టము ఈ విషయమున మూగగా లేదు. 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టమే, అద్దెదారు ఇంటిని పుచ్చుకొన్న స్థితిలో తిరిగి అప్పగింపవలెనని చెప్పుచు, న్యాయమైన వాడుకవలన కలుగు అరుగుదలకు అతడు బాధ్యుడు కాడని చెప్పినది. మూడేండ్లు మనుష్యులున్న గదికి రంగు మాయుట నేరము కాదు. అద్దెయైనను అడ్వాన్సైనను చెల్లించినవానికి రసీదు పొందు హక్కు కలదని మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము చెప్పినది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము ఒక నమూనా అద్దె చట్టమును ఆమోదించి రాష్ట్రములకు పంపినది. నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెననియు, యజమాని గదిలోనికి వచ్చుటకు ఇరువదినాలుగు గంటల ముందు తెలుపవలెననియు, తగవు వచ్చిననను నీరు, కరెంటు ఆపరాదనియు అందు గలదు. గడువు దాటిన పిమ్మట ఖాళీచేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దెయు, ఆ పిమ్మట నాలుగురెట్లును ఈయవలెననియు అందే యున్నది. కావున అది ఒక పక్షమునకే చేసిన చట్టమని యజమానులు భయపడ నవసరము లేదు.

ఇంగ్లండునకు పోయి చదువుచున్న మన విద్యార్థుల అనుభవమొకటి ఇచ్చట చెప్పదగియున్నది. అచ్చట 2007 నుండి సాధారణమైన అద్దెయిండ్లకు యజమాని పుచ్చుకొన్న అడ్వాన్సును ప్రభుత్వము అంగీకరించిన సంరక్షణపద్ధతిక్రిందికి తేవలసియున్నది. ఇల్లు ఖాళీచేయునపుడు కోతనుగూర్చి తగవు వచ్చినచో ఆ పద్ధతిలోనే మధ్యస్థులు విచారించి తీర్పు చెప్పుదురు. గుంటూరునుండి పోయిన పిల్లవానికి పరాయిదేశమున తన సొమ్మునకున్న రక్షణ, అతడు గుంటూరులోనే గది తీసికొనియున్నచో లేకపోవుట మనకు సిగ్గుచేటు కాదా?

మన యూళ్లలో ఒప్పందమన్నచో పదునొకండు నెలల కాగితము. ఏడాదికి మించిన కౌలును 1908 నాటి చట్టముప్రకారము రిజిష్టరు చేయింపవలెను గనుక, ఆ శ్రమయు ఖర్చును తప్పించుకొనుటకు ఈ పదునొకండు నెలల పద్ధతి పుట్టినది. అందు దోషము లేదు. అయితే ఆ కాగితము కూడ వ్రాయని యిండ్లే విద్యార్థులపాలిటికి అధికము. నోటిమాటమీద చేరిన పిల్లవానికి నోటిమాటమీదనే అద్దె పెరుగును, నోటిమాటమీదనే ఖాళీచేయుమని ఆజ్ఞ వచ్చును. అది పరీక్షల నెలయైనను ఆగదు. కరెంటు విషయము మరియు వింతగా నుండును. నాలుగు గదులకు ఒకటే మీటరు. వాడుక పెరిగినకొలది యూనిటు రేటు పెరుగు పద్ధతి మన విద్యుత్తుసంస్థలది. అందరి వాడుకయు ఒకే మీటరున పడుటచే, ఒక్క దీపము, ఒక్క పంకా వాడిన పిల్లవాడుకూడ పై మెట్టు రేటును చెల్లించుచున్నాడు. యజమాని దానికిమించి తనకు తోచిన రేటు కట్టుటయు కలదు. గదిగదికి చిన్న ఉపమీటరు పెట్టించి, అసలు బిల్లును గోడకు అంటించుట కష్టమైన పని కాదు.

ప్రాణరక్షణ మాటయు ఉపేక్షింపరానిది. 2024 జూలై 27వ తేదీన ఢిల్లీ పాత రాజేంద్రనగరమున ఒక శిక్షణసంస్థ నేలమాళిగలోని పఠనశాలలోనికి వాననీరు చొచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. అది నివాసగృహము కాదు. కాని విద్యార్థులకని చెప్పి కట్టడమును ఇష్టమువచ్చినట్లు వాడుకొనుటయే దాని మూలమున నున్న జాడ్యము. మన పట్టణములలోను అదే జాడ్యమున్నది. మెట్లక్రింది సామానుగది పడకగదియైనది. మేడమీద రేకుల కప్పు వేసి ఆరు మంచములు పరచినారు. దిగుటకు ఒకటే ఇరుకుమెట్లు. ఆ మెట్లమొదటనే గ్యాసుబండలును మోటారుసైకిళ్లును. అగ్నిప్రమాదము వచ్చినచో ఎటు పోవలెను? మునిసిపాలిటీవారు పన్ను వసూలునకు వచ్చునపుడు ఈ మెట్లెక్కియే వత్తురు. అవి వారి కంటబడకపోవుట మాకాశ్చర్యము.

ఇక మేము దాటవేసిన ప్రశ్న. రూపాయి చేతబట్టి వచ్చిన ప్రతి విద్యార్థికిని గది దొరకుచున్నదా? దొరకుటలేదు. "మీరేమిటివారు? మనవారేనా?" అను ప్రశ్న నేటికిని మన గుమ్మములయందు వినబడుచున్నది. సూటిగా అడుగుటకు మొగమాటపడువారు ఇంటిపేరడుగుదురు. అంతకును తెలియనిచో మాంసము తిందురా అని అడుగుదురు. ఒకే కప్పుక్రింద, ఒకే వంటయింటిలో పొత్తుగానున్నచోట యజమాని తన యింటి నియమమును ముందుగా, అందరికిని సమానముగా చెప్పుటను మేము తప్పుపట్టము. వేరు ద్వారము, వేరు పొయ్యి గల మేడగదికికూడ ఆ ప్రశ్న అడుగుట ఆహారమునుగూర్చి కాదు. అది కులమునకు కప్పిన ముసుగు. ఆ ముసుగుక్రిందనే మహమ్మదీయ బాలునికిని, క్రైస్తవ బాలునికిని, హరిజన బాలునికిని "ఇప్పుడే మాట ఇచ్చితిమి" అను ప్రత్యుత్తరము లభించుచున్నది.

1933 డిసెంబరులో మహాత్ముడు హరిజనయాత్రకై ఆంధ్రదేశమునకు విచ్చేసినపుడు మన పట్టణవాసులు హరిజననిధికి విరాళములిచ్చిరి. ఆ యిచ్చినవారి మనుమలే నేడు అద్దెయిండ్ల యజమానులు. తాత చేతితో ఇచ్చినదానిని మనుమడు నోటితో తిరిగి పుచ్చుకొనుట తగునా? రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానిని పాటించినవారిని శిక్షించుటకు చట్టము వచ్చినది. చట్టము వీథిలోనికి వచ్చినది, బావికడకు వచ్చినది, దేవాలయములోనికి వచ్చినది. టులెట్ బోర్డు వ్రేలాడు గుమ్మమును మాత్రము ఇంకను పూర్తిగా దాటలేదు. ఇంగ్లండులో వర్ణమునుబట్టి ఇల్లు నిరాకరించుటను నిషేధించిన చట్టము 1968లో వచ్చినది. అమెరికాలోను అదే సంవత్సరమున అట్టి చట్టమే వచ్చినది. మన పిల్లలు డల్లాసులోను, లండనులోను గది యడిగినపుడు ఆ చట్టముల నీడలో నిలిచియే అడుగుచున్నారు. సముద్రములకావల మన పిల్లలకు మనము కోరు న్యాయము, మన మేడగది మెట్లమీద నిలిచిన పరాయివారి పిల్లవానికి మనమే ఇయ్యకపోయినచో, మన స్వరాజ్యమునకు అర్థమేమి?

ఆడపిల్లల విషయమున కష్టము రెండింతలు. వారికి గది దొరకుట అరుదు. దొరకినను దానితో నూరు నిర్బంధములు వచ్చును. రక్షణ కావలసినదే, దానిని మేము తేలికగా చెప్పుటలేదు. వీథిదీపము, గట్టి గడియ, గేటు కావలి రక్షణములు. యజమానియొద్ద మారుతాళముండుట, చెప్పక గదిలోనికి వచ్చుట, గ్రంథాలయమునుండి తొమ్మిదిగంటలకు వచ్చినందుకు ఇరుగుపొరుగు వినునట్లు మందలించుట రక్షణములు కావు. రాత్రి పొద్దుపోవువరకు ప్రయోగశాలలో పనిచేయవలసిన అమ్మాయి సాయంత్రము ఏడుగంటలకు తలుపు వేయు యింటిలోనుండి ఏ పరిశోధన చేయగలదు? తన కుమార్తె వేరొక ఊరిలో గది తీసికొన్నపుడు అచ్చటి యజమాని ఎట్లుండవలెనని తండ్రి కోరునో, తన యింటిలో చేరిన అమ్మాయికి అతడట్లు ఉన్నచో చాలును.

విద్యార్థిమిత్రులకును రెండు మాటలు చెప్పక విడువము. యజమానులలో చెడ్డవారున్నట్లే మీలోను బాధ్యత తెలియనివారున్నారు. నలుగురమని చెప్పి చేరి స్నేహితులను బంధువులను తెచ్చి ఏడుగురుగా మారుట, నీటికుళాయి వదలి సినిమాకు పోవుట, అర్ధరాత్రి పాటలతో ఇంటిల్లిపాదిని లేపుట, చివరి రెండు నెలలు అద్దె ఎగవేసి చెప్పక చేయక పెట్టె సర్దుకొనుట, ఇవన్నియు జరుగుచున్నవి. మీలో ఒకడు చేసిన తప్పునకు మీ తరువాత వచ్చు పదిమంది "విద్యార్థులకు ఇయ్యము" అను మాట వినుచున్నారు. క్రింది వాటాలో యజమానురాలు వృద్ధురాలై ఒంటరిగా నున్నచో, ఆమెకు మీ అద్దెయే మందుల ఖర్చని తెలిసికొనుడు. గదిలో చేరిననాడు గోడలు, కుళాయిలు, తలుపులు ఉన్న స్థితిని మీ చేతిలోని ఫోనుతో ఫొటోలు తీసి యజమానికొక ప్రతి పంపుడు. ఖాళీచేయు నాటి తగవులలో ముప్పాతికపాలు ఆ ఫొటోలతోనే తీరును. అద్దె కట్టిన ప్రతినెలయు రసీదు పుచ్చుకొనుడు. ఖాళీచేయుటకు నెలముందు వ్రాసి యిండు. హక్కు అడుగువాని చేతిలో మొదట తన బాధ్యత నెరవేర్చిన రుజువుండవలెను.

ప్రభుత్వమును విడిచి యజమానులనే నిందించుట పిరికితనము. తాము చేర్చుకొను విద్యార్థుల సంఖ్యకు తగిన వసతి విశ్వవిద్యాలయములు కట్టలేదన్న సంగతిని వాని ప్రహరీగోడలచుట్టు నున్న టులెట్ బోర్డులే చాటుచున్నవి. క్రొత్త తరగతులకు అనుమతినిచ్చునపుడు ఆ పిల్లలు రాత్రి ఎక్కడ పండుకొందురని అడిగిన అధికారి యుండెనా? ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో వసతిదీవెన పేర డిగ్రీ, ఆపైచదువుల పేదవిద్యార్థులకు ఏటికి 20 వేల రూపాయల నిచ్చు పద్ధతిని ప్రారంభించినది. ఉద్దేశము మంచిది. పదినెలలకు పంచినచో అది నెలకు 2 వేలు. పైన చెప్పిన ఎనమండుగురి గదిలోని ఒక్క మంచమునకుకూడ చాలదు. సొమ్ము పంచుట ఒక ఎత్తు. గది కట్టుట మరియొక ఎత్తు. గదుల సంఖ్య పెరుగక సొమ్ము మాత్రమే పెరిగినచో ఆ సొమ్ము తిరిగి అద్దె పెరుగుదలలోనే కలిసిపోవును. హాస్టలు వసతిపై జీ.యస్.టి. పన్ను పడునని 2023లో వచ్చిన తీర్పులతో విద్యార్థులు కలతపడగా, 2024లో ఆ మండలి, తొంబది దినములకు తగ్గక నివసించువారి విషయమున, నెలకు తలకు 20 వేల రూపాయలవరకు వసతిని పన్నునుండి తప్పించినది. అట్టి బుద్ధియే మునిసిపాలిటీలకును కలిగి, నియమానుసారముగా విద్యార్థులకిచ్చిన యిండ్లకు ఇంటిపన్నులో కొంత తగ్గింపునిచ్చినచో, మంచి యజమానికి అది ప్రోత్సాహమగును.

చట్టములును కట్టడములును వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. ఈ పత్రికను పఠనమందిరములలో కూర్చుండి చదువు పెద్దలకు మేమొక పని అప్పగించుచున్నాము. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో పుట్టిననాటినుండి మన గ్రంథాలయములు ఊరి మంచిని తమ పనిగా నెంచుకొన్నవి. ప్రతి పఠనమందిరమునను ఒక చిట్టా యుంచుడు. అందు చేరదలచిన యజమాని అయిదు మాటలకు సంతకము చేయవలెను. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు, ఖాళీచేసిన నెలలోపల తిరిగి ఇయ్యవలెను. ఒప్పందము తెలుగులో వ్రాసి ఇరువురు సంతకము చేయవలెను. ఒక గదిలో ఎందరుందురో ముందే చెప్పవలెను, ఆపైన పెంచరాదు. పరీక్షలనెలలో ఖాళీచేయింపరాదు. కులము, మతము అడుగరాదు. అట్లే చిట్టాలోని గదిలో చేరు విద్యార్థియు, నెలనెల అద్దె కట్టుదునని, చెప్పినవారికంటె అధికులను తేనని, ఇంటిని శుభ్రముగా నుంచుదునని సంతకము చేయవలెను. తగవు వచ్చినచో ఊరిలో నమ్మకము గల ముగ్గురు పెద్దలు విని తీర్పవలెను. దీనికి నిధి అక్కరలేదు, భవనమక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, వారమునకొక సాయంకాలము చాలును.

పట్టణమునకు పది గదులు ఇట్లు చిట్టాకెక్కినను, సంచి భుజమున వేసికొని మరల బస్సెక్కవలసిన పదిమంది అచ్చట ఆగుదురు. వారిలో ఎవడేమగునో మన మెరుగము. ఒంగోలు పూటకూళ్ల ఇంటిలో అన్నము తిన్నవారును ఆ యింటి పిల్లవాడేమగునో ఎరుగరు. యజమాని అద్దె పుచ్చుకొనుగాక. న్యాయమైన లాభము పొందుగాక. గుమ్మములో నిలిచిన బాలునితో మొదటి మాటగా "నీవేమి చదువుచున్నావు బాబూ?" అని అడుగుగాక. మేము కోరునది అంతకంటె అధికము కాదు.